బల్బుకి దూరం రెట్టింపు చేస్తే వెలుగు నాలుగో వంతు కావాలి కదా, మా ఇంట్లో కావడం లేదేంటి?

విభాగం: ఇంటర్ ఫిజిక్స్ సందేహాలు

పెన్నాఒడ్డు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. వికిరణ తీవ్రత దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని కాలేజీలో రాయించారట. "నిజంగా తగ్గుతుందా నాన్నా?" అంటే "చూద్దాం పట్టు" అన్నాను. అక్కడ ఇరుక్కున్నాను.

రాత్రి హాల్లో లైట్లన్నీ ఆపేశాం. వైరు చివర హోల్డరుకి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పెట్టి, స్టూలు మీద పడుకోబెట్టి, దానికి ఎదురుగా ఫోన్ నిలబెట్టాం. లక్స్ మీటర్ (వెలుగు కొలిచే) యాప్ వేసుకున్నాం. దూరం కొలవడానికి వాళ్ళమ్మ కుట్టుమిషను దగ్గరి టేపు. వచ్చిన అంకెలు ఇవి:

50 సెం.మీ. దగ్గర 410 లక్స్
1 మీటరు దగ్గర 112
2 మీటర్ల దగ్గర 37
3 మీటర్ల దగ్గర 22

మొదటి అంకె నుంచి లెక్క కడితే 102, 26, 11 రావాలి. ఒక మీటరు దాకా పర్వాలేదు, 3 మీటర్ల దగ్గర మాత్రం రావాల్సినదానికి రెట్టింపు చూపిస్తోంది. సూత్రం తప్పని అమ్మాయి, ఫోన్ తప్పని వాళ్ళమ్మ. నేను మధ్యలో ఉన్నా.

బీటెక్_బ్యాక్‌లాగ్ (కావలి)

ఫోన్ సెన్సర్‌ని నమ్ముకుని ప్రయోగాలేంది అన్నా? అది స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించడానికి పెట్టిన పది రూపాయల ముక్క. వదిలెయ్.

ఒంగోలు_మాస్టారు

తొందరపడకు నాయనా. ఫోన్‌ది తప్పయితే తేడా అడ్డదిడ్డంగా రావాలి. ఆయన అంకెలు మళ్ళీ చూడు. 112లో 102 తీసేస్తే 10. 37లో 26 తీసేస్తే 11. 22లో 11 తీసేస్తే 11. ఎంత దూరమైనా అదనంగా వచ్చేది ఇంచుమించు ఒకటే. అంటే బల్బు నుంచి నేరుగా వచ్చేది కాక ఇంకెక్కడి నుంచో ఒక పది, పదకొండు లక్స్ వచ్చి కలుస్తోంది.

పెన్నాఒడ్డు గారూ, మీ హాలు గోడలకి ఏ రంగు?

పెన్నాఒడ్డు

తెలుపు సార్. కింద కూడా తెల్ల టైల్సే. పోయిన సంక్రాంతికే రంగులేయించాం.

ఒంగోలు_మాస్టారు

దొంగ దొరికాడు. గోడలు, సీలింగు, టైల్స్ అన్నీ బల్బు వెలుగుని తిరగ్గొడుతున్నాయి. బల్బు దగ్గర 410లో ఆ పది లెక్కలోకి రాదు. 3 మీటర్ల దగ్గర మాత్రం నేరుగా వచ్చేదే పదకొండు, గోడల నుంచి వచ్చేది ఇంకో పదకొండు. సగానికి సగం.

అమ్మాయికి సూత్రం ఎందుకు వచ్చిందో ముందు చెప్పండి, లేకపోతే బట్టీ కొడుతుంది. ఒక గరిటె పిండి తీసుకుని చిన్న పెనం మీద పోస్తే మందపాటి ఊతప్పం. అదే గరిటె పెద్ద పెనం మీద పలచగా లాగితే రేకు దోసె. పిండి తగ్గలేదు, పరుచుకున్న చోటు పెరిగింది. బల్బు నుంచి సెకనుకి బయల్దేరే శక్తి అంతే, అది ఒక గోళంలా విచ్చుకుంటూ పోతుంది. వ్యాసార్ధం రెట్టింపయితే గోళం ఉపరితలం నాలుగు రెట్లు, మూడింతలయితే తొమ్మిది రెట్లు. చదరపు మీటరుకి వచ్చే వాటా ఆ లెక్కన తగ్గుతుంది. తీవ్రత అంటే ఆ వాటాయే, సెకనుకి చదరపు మీటరు మీద పడే శక్తి. వాట్ పర్ చదరపు మీటర్. మీ యాప్ చూపించే లక్స్ కూడా ఇదే, కాకపోతే మన కంటికి ఏ రంగు ఎంత కనిపిస్తుందో ఆ తూకం వేసి లెక్కకట్టినది.

ఇప్పుడు గోడల వెలుగుని విడిగా కొలిచే ఉపాయం. నోటుబుక్కు అట్ట లాంటి చిన్న ముక్క తీసుకోండి. బల్బుకీ ఫోన్‌కీ మధ్య పట్టుకుని, దాని నీడ సరిగ్గా సెన్సర్ మీద మాత్రమే పడేటట్టు చూడండి. అప్పుడు యాప్‌లో మిగిలేది గోడల నుంచి వచ్చినదే. ప్రతి దూరం దగ్గరా అది రాసుకుని మొదటి అంకెలోంచి తీసేయండి. ఇంకో మాట. సెన్సర్ ఉండేది ఫోన్ పైభాగాన, సెల్ఫీ కెమెరా పక్కన. టేపు అక్కడికి పట్టాలి, ఫోన్ మధ్యకి కాదు.

కావలి_సోలార్

మాస్టారు చెప్పిన "చదరపు మీటరుకి ఎంత" అనే మాట మీదే నాకు రోజూ కస్టమర్లతో తగాదా. డాబా మీద 3 కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించుకుంటారు. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఫోన్ చేసి "ఇంత ఎండలో కూడా 2.4 దాటట్లేదు, మోసం చేశావు" అంటారు.

ప్యానెల్ మీద రాసే 3 కిలోవాట్లు చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండ, ప్యానెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మన దగ్గర మేలో ఎండ తీవ్రత ఆ వెయ్యికి దగ్గరగానే వస్తుంది. కానీ ప్యానెల్ 65 డిగ్రీలకి కాగిపోయి ఉంటుంది. ఒక్కో డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం దాకా పడిపోతుంది. 40 డిగ్రీలు ఎక్కువంటే అక్కడే 15 శాతం పోయింది. మీద దుమ్ము సంగతి సరేసరి. ఎండ తీవ్రత వేరు, ఎండ వేడి వేరు అని చెప్తే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు.

పెన్నాఒడ్డు

అయితే ఎండ తీవ్రత అన్నిటికన్నా ఎక్కువ రోహిణి కార్తెలో కాదా? రోళ్ళు పగిలేది అప్పుడే గదా.

ఒంగోలు_మాస్టారు

నెల్లూరు 14.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మధ్యాహ్నం సూర్యుడు మీకు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏప్రిల్ చివర్లో. మళ్ళీ ఆగస్టు నడిమిలో ఇంకోసారి. రోహిణి నాటికి సూర్యుడు మీకు కాస్త ఉత్తరాన ఉంటాడు, ఏడెనిమిది డిగ్రీలు. దానివల్ల తగ్గేది ఒక శాతం కూడా ఉండదు. ఏప్రిల్ చివరికీ మే చివరికీ పడే ఎండలో పెద్ద తేడా లేదు, నేల వేడి పోగుపడుతూ వచ్చి అప్పటికి తారస్థాయికి చేరుతుంది. పొయ్యి వెలిగించగానే నీళ్ళు మరగవు కదా.

డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు మీకు 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు అదే కిరణాల కట్ట నేల మీద ఏటవాలుగా, ఎక్కువ చోటులో పడుతుంది. నేల మీద తీవ్రత 79 శాతానికి దిగుతుంది. చిత్రమేంటంటే భూమి సూర్యుడికి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లోనే, దూరంగా ఉండేది జులై మొదట్లో. వాతావరణం పైన చదరపు మీటరుకి సగటున 1361 వాట్లు. ఈ దూరం తేడాతో జనవరిలో 1400 పైకి, జులైలో 1320 కిందికి వస్తుంది.

ఇదే విలోమ వర్గాన్ని సూర్యుడి దాకా లాగి చూడండి. సూర్యుడి ఉపరితలం సుమారు 5800 కెల్విన్ (సెల్సియస్ డిగ్రీలకి 273 కలిపితే వచ్చే కొలత). అక్కడ చదరపు మీటరు నుంచి వెలువడేది 6 కోట్ల 30 లక్షల వాట్లు. సూర్యుడి కేంద్రం నుంచి మనం ఉన్న దూరం దాని వ్యాసార్ధానికి 215 రెట్లు. 215ని వర్గం చేసి భాగిస్తే 1363 వస్తుంది. కొలిచినదానికి రెండు వాట్లు తేడా! నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, ఈ లెక్క బోర్డు మీద తేలినప్పుడల్లా నాకే ఒళ్ళు పులకరించేది.

బీటెక్_బ్యాక్‌లాగ్

ఆ లెక్కన సూర్యుణ్ణి చూడ్డానికి ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1కి కూడా తేడా ఉండాలి కదా మాస్టారూ. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచే పోయింది. అది ఉన్నది సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. సూర్యుడి దూరంలో ఒక శాతం.

ఒంగోలు_మాస్టారు

శభాష్. దూరం ఒక శాతం తగ్గితే తీవ్రత రెండు శాతం పెరుగుతుంది. మనకన్నా ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది వాట్లు ఎక్కువ. మరి బ్యాక్‌లాగ్ ఎందుకుంది నీకు?

బీటెక్_బ్యాక్‌లాగ్

ఫిజిక్స్‌లో కాదు సార్, ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో.

పెన్నాఒడ్డు

మాస్టారూ, అట్ట పట్టి కొలిచాం. నీడలో వచ్చినవి వరసగా 12, 10, 11, 11. తీసేస్తే 398, 102, 26, 11. సూత్రం ప్రకారం 398 నుంచి రావాల్సినవి 99.5, 25, 11. మా అమ్మాయి అరిచిన అరుపుకి పక్కింటోళ్ళు తలుపు తీశారు.

వాళ్ళమ్మ మాత్రం "ఫోన్‌ది తప్పు కాదని ముందే తెలుసు, కొనిచ్చింది నేను" అంటోంది. నిన్న ఏమందో గుర్తున్నట్టు లేదు.

రాజుగారి_వీధి (నెల్లూరు)

మీరంతా బల్బులతో ఆడుకుంటున్నారు, నాకు నిద్ర పట్టట్లేదు. మా డాబాకి 50 మీటర్ల దూరంలో సెల్ టవర్ లేపుతున్నారు. వీధిలో అందరూ సంతకాలు పెడుతున్నారు. రేడియేషన్ అంటే రేడియేషనే కదా. ఎవరైనా సూటిగా చెప్పండి.

ఒంగోలు_మాస్టారు

సూటిగా లెక్కే చేద్దాం. ఒక ట్రాన్స్‌మిటర్ 20 వాట్లు అనుకోండి. యాంటెనా దాన్ని అన్ని వైపులా చల్లదు, ఒక దిక్కుకి కూడగట్టి పంపుతుంది. ఆ దిక్కులో 50 రెట్లు బలం అనుకుంటే 1000 వాట్ల బల్బుతో సమానం. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళం ఉపరితలం 31,400 చదరపు మీటర్లు. భాగిస్తే 0.032 వాట్ పర్ చదరపు మీటర్. అదీ మీ డాబా సరిగ్గా ఆ కిరణం దారిలో ఉంటేనే. యాంటెనా చూపు దూరంగా, కాస్త కిందికి వాల్చి ఉంటుంది. టవర్ మొదట్లో నిలబడ్డవాడికి అందులో చాలా తక్కువే తగులుతుంది.

2012 సెప్టెంబరులో మన దేశం పెట్టిన పరిమితి 900 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ తరంగాలకి చదరపు మీటరుకి 0.45 వాట్లు. అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు అది. మీ దగ్గర లెక్క అందులో పద్నాలుగో వంతు. ఇలాంటివి ఐదు ఒకేసారి మీ వైపే తిరిగి ఉన్నా 0.16.

రాజుగారి_వీధి

అంకెలు బాగానే ఉన్నాయి. ఎక్స్‌రే కూడా తక్కువ అంకెలోనే హాని చేస్తుంది కదా. మాస్టారు ఎండతో, బల్బుతో పోల్చి తప్పించుకోవద్దు.

డార్క్‌రూమ్ (ఒంగోలు)

నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. రాజుగారి వీధి అన్న అడిగిన పాయింటు న్యాయమైనదే. తీవ్రత ఒక్కటే చూస్తే కథ సగమే తెలుస్తుంది. ఏ వికిరణం అన్నది రెండో సగం.

తీవ్రత అంటే సెకనుకి ఎన్ని శక్తి పొట్లాలు (ఫోటాన్లు) వచ్చి పడుతున్నాయి అనే దానికి సంబంధించినది. ఒక్కో పొట్లం ఎంత బరువు అన్నది ఫ్రీక్వెన్సీ నిర్ణయిస్తుంది. కంటికి కనిపించే వెలుగులో ఒక్కో ఫోటాన్ రెండు, మూడు ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల స్థాయిలో శక్తికి కొలత). మా మిషన్లో వచ్చేవి వేల నుంచి లక్ష దాకా. అవి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లని పీకేయగలవు, డీఎన్ఏని తెంపగలవు. 900 మెగాహెర్ట్జ్ టవర్ ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతులు చేస్తే అందులో నాలుగు వంతులు కూడా లేదు. ఆవగింజలు బస్తాలకొద్దీ విసిరినా కిటికీ అద్దం పగలదు, ఒక్క గులకరాయి చాలు. టవర్ తరంగాలు చేయగలిగిన పని వేడెక్కించడం. ఆ వేడిని లెక్కలోకి తీసుకునే పైన చెప్పిన పరిమితి పెట్టారు.

పెన్నాఒడ్డు అన్నా, మీ అమ్మాయికి కాంతి విద్యుత్ ఫలితం (వెలుగు పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఊడి రావడం) పాఠంలో వచ్చేది ఇదే. తీవ్రత పెంచితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది, ఒక్కోదాని గరిష్ఠ గతిజ శక్తి పెరగదు. పరీక్షలో తప్పకుండా అడుగుతారు.

మా పనిలో విలోమ వర్గం రోజూ చేతికి తగులుతుంది. మామూలు ఎక్స్‌రేకి ట్యూబు 100 సెం.మీ. దూరంలో ఉంటుంది, ఛాతీ ఫిల్మ్‌కి 180కి జరుపుతాం. 1.8ని వర్గం చేస్తే 3.24. జరిపాక అదే నలుపు ఫిల్మ్ మీద రావాలంటే ఎంఏఎస్ (ట్యూబు కరెంటుని సమయంతో గుణించినది) అన్ని రెట్లు పెంచాలి. కొత్త కుర్రాళ్ళు అది మర్చిపోయి తెల్లటి ఫిల్మ్ తెస్తారు.

ఒకప్పుడు నేను చేసిన చోట (పేరెందుకులే) వార్డులోకి మొబైల్ మిషన్ తీసుకెళ్ళి, పక్క మంచం వాళ్ళని కదిలించకుండానే తీసేవాళ్ళు. నేను గొడవపడితే "రెండు అడుగులు అటు జరిగితే ఏమవుద్ది" అన్నారు. అయ్యేదేంటో ఇప్పుడు మీకందరికీ తెలుసు. అర మీటరు నుంచి రెండు మీటర్లకి జరిగితే పదహారో వంతు. మంచానికి నాలుగు చక్రాలు ఉన్నదే నెట్టడానికి. మా లాంటి ఉద్యోగులకి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్లు (ఒంటికి తగిలే మోతాదుకి కొలత) పరిమితి, జనానికి 1. ఛాతీ ఎక్స్‌రే ఒకటి 0.1 లోపే. అందుకని అవసరమైన ఎక్స్‌రేకి భయపడి ఎగ్గొట్టొద్దు.

చీమకుర్తి_రాయి

మధ్యలో దూరుతున్నా. మా గెలాక్సీ గ్రానైట్ వంటింట్లో వేస్తే రేడియేషన్ వస్తుందని ఈ మధ్య ఒక వీడియో తిరుగుతోంది. బేరాలు పోతున్నాయి. నిజమేనా?

ఒంగోలు_మాస్టారు

ప్రతి రాయిలోనూ రవ్వంత యురేనియం, థోరియం, పొటాషియం ఉంటాయి. అసలు గ్రానైట్‌లో కాస్త ఎక్కువ. మీ చీమకుర్తి నల్లరాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ రాతి శాస్త్రం ప్రకారం అది గ్యాబ్రో జాతి. ఆ జాతిలో ఇవి గ్రానైట్‌లో కన్నా తక్కువ. మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి వచ్చే ప్రపంచ సగటే 2.4 మిల్లీసీవర్ట్లు. వీడియో వాడిని రాయి పేరు సరిగ్గా చెప్పమనండి ముందు.

గూడూరు వైపు వాళ్ళెవరైనా ఉంటే ఒక ముచ్చట. యురేనియం లాంటివాటి నుంచి వచ్చే ఆల్ఫా కణాలు కాగితం ముక్కకే ఆగిపోతాయి. వాటిని లెక్కించే గైగర్ గొట్టానికి అవి దూరి వెళ్ళేంత పలచటి మూత కావాలి. ఆ మూత అభ్రకం పొర. మీ గూడూరు నేలలో దొరికేదే.

రాజుగారి_వీధి

టవర్ సంగతి సగం కుదుటపడింది. సంతకం పెట్టలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలా. మా ఇంటావిడని ఒప్పించడం మీ లెక్కల వల్ల కాదు.

డార్క్‌రూమ్

ఇంకొక్కటి చెప్పండి ఆమెకి. టవర్ దూరమైతే సిగ్నల్ అందక చెవి దగ్గరి ఫోనే గొంతు పెంచుతుంది. చెవికి ఆనించిన ఫోన్‌కి మాస్టారి గోళం లెక్క పనికిరాదు, అందుకే దానికి వేరే కొలత. ఒళ్ళు పీల్చుకునేది కిలోకి 1.6 వాట్లు దాటకూడదని.

బ్యారన్_బాబాయ్ (కొండపి)

చదువుకున్నోళ్ళ మధ్య నాదొక సందేహం. పొగాకు క్యూరింగ్ అప్పుడు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) లోపలికి పోతే ఇనప గొట్టాల పక్కన మొహం మాడిపోద్ది. గొట్టం నల్లగా ఉన్నప్పుడు తట్టుకోవచ్చు. పొయ్యి దగ్గర కాస్త ఎర్రబడిందంటే ఒక్క క్షణం నిలబడలేం. వేడి రెట్టింపన్నా కాలేదు, బాధ మాత్రం ఎన్నో రెట్లు. ఎందుకు?

ఒంగోలు_మాస్టారు

బాబాయ్ గారూ, ఈ థ్రెడ్‌లో అసలైన ప్రశ్న మీది. వస్తువు నుంచి వెలువడే వికిరణం కెల్విన్ ఉష్ణోగ్రతకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. స్టీఫాన్ నియమం అంటారు. గొట్టం 300 డిగ్రీలంటే 573 కెల్విన్. ఇనుము మసక ఎరుపు తిరిగేది 550 దగ్గర, అంటే 823 కెల్విన్. 823ని 573తో భాగిస్తే 1.44. రెట్టింపులో సగం కూడా పెరగలేదు. అలాంటివి నాలుగు వేసి ఒకదానితో ఒకటి గుణిస్తే నాలుగుంబావు రెట్లు! మీ మొహం కొలిచింది సరైన కొలతే.

27 డిగ్రీల గోడ కూడా చదరపు మీటరుకి 459 వాట్ల దాకా వెదజల్లుతూనే ఉంటుంది. మనమూ అంతకు కాస్త ఎక్కువే తిరిగి ఇస్తుంటాం కాబట్టి తెలియదు. వేసవి రాత్రి డాబా మీద పడుకుంటే ఒళ్ళు చల్లబడేది ఇందుకే. మనం ఇచ్చేది ఇస్తాం, పైనున్న నిర్మలమైన ఆకాశం అంత తిరిగివ్వదు.

బ్యారన్_బాబాయ్

ముప్పై ఏళ్ళుగా మాడ్చుకున్న మొహానికి ఇప్పుడు పేరు దొరికింది.

పెన్నాఒడ్డు

మా అమ్మాయి ఇంకో మెలిక పెట్టింది. ఆమె మాటల్లోనే: "దూరం పోయేకొద్దీ వెలుగు తగ్గితే, ఎదురింటి తెల్లగోడ దగ్గరకి పోయి చూసినా, వీధి చివర నుంచి చూసినా ఒకే తెలుపు ఎందుకుంది? మసకబారాలి కదా?" నా దగ్గర సమాధానం లేదు. అన్నం తిని పడుకోమన్నా.

బీటెక్_బ్యాక్‌లాగ్

ఇది నేను చెప్తా మాస్టారూ. దూరం రెట్టింపయితే గోడ నుంచి కంట్లోకి వచ్చే వెలుగు నాలుగో వంతే, నిజమే. కానీ కంటి లోపలి తెర మీద పడే గోడ బొమ్మ వైశాల్యం కూడా నాలుగో వంతవుతుంది. పిండి నాలుగో వంతు, పెనం నాలుగో వంతు, దోసె మందం మారలేదు. అంగారకుడి మీద ఎండ తీవ్రత మనకి వచ్చేదాంట్లో సగం లోపే, 590 వాట్లు. అయినా అక్కడ సూర్యుడి బింబాన్ని సూటిగా చూస్తే కన్ను పోయేంత మెరుపే. బింబం చిన్నదవుతుందంతే. నక్షత్రాల బొమ్మ మాత్రం కంటి తెర మీద ఎప్పుడూ ఒక చుక్కే, అంతకన్నా చిన్నది కాలేదు, అందుకే అవి దూరాన్ని బట్టి మసకబారతాయి.

అన్నట్టు పుస్తకాల్లో ఈ మూడింటికీ మూడు పేర్లున్నాయి. చదరపు మీటరు మీద పడేది ఒకటి. మూలం ఒక దిక్కుకి ఎంత పంపుతోంది అన్నది రెండోది, అది మూలం సొంత గుణం, దూరంతో మారదు. క్యాండెలా అనే కొలత ఆ కోవది. గోడ మెరుపు మూడోది. మూడింటినీ తెలుగులో "తీవ్రత" అనే రాసేస్తారు, అక్కడే గందరగోళం.

ఒంగోలు_మాస్టారు

దోసె నాది, పేరు నీకు. బాగుంది నాయనా.

అమ్మాయి నిద్రపోకుండా ఉంటే ఒక పని చెప్పండి. ఈసారి ట్యూబులైటుతో కొలవమనండి. దగ్గర్లో ఏమవుతుందో ముందే ఊహించి రాసి పెట్టుకోవాలి.

పెన్నాఒడ్డు

రెండు రోజులు పట్టింది. నాలుగడుగుల ఎల్ఈడీ ట్యూబు, అట్ట నీడ తీసేసిన అంకెలు: 10 సెం.మీ. దగ్గర 4400, 20 సెం.మీ. దగ్గర 2180, 1 మీటరు దగ్గర 275, 2 మీటర్ల దగ్గర 80.

దగ్గర్లో దూరం రెట్టింపయితే సగమే తగ్గింది, నాలుగో వంతు కాలేదు. 1 నుంచి 2 మీటర్లకి పోతే మూడున్నర రెట్లు తగ్గింది. అమ్మాయి ముందే ఇలా రాసి పెట్టింది: "దగ్గర్నుంచి ట్యూబు గీత లాగా కనిపిస్తుంది, వెలుగు గొట్టం లాగా విచ్చుకుంటుంది, గొట్టం చుట్టుకొలత దూరంతో పాటే పెరుగుతుంది, వర్గంతో కాదు. దూరం పోతే ట్యూబు కూడా చుక్కే." 4 మీటర్ల దగ్గర కొలుద్దామంటే హాలు సరిపోలా. డాబా మీదకి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగుతున్నాం, దోమలు పీకుతున్నాయి, అంకెలు రేపు పెడతా.